స్కార్విక్‌లో కొళాయి కట్టేసిందెవరు?

ఓడ అయిదింటికి కదులుతుంది. అప్పటికే రెండయింది. మేం నలభై మందిమి ఎక్కాలి. ముప్పై తొమ్మిది మందిమి బయట ఉన్నాం. మిగిలిన ఒక్క మనిషి, హేమ, పోలీసుల గదిలో బెంచీ మీద కూచుని ఉంది.

స్కార్విక్ ఎట్లుంటుందో వర్ణించమంటే నా వల్ల కాదు. నార్వేకు ఉత్తరపు కొసన ఒక చిన్న రేవు. ఓడ దిగి ఒక్క పూట తిరిగి రమ్మన్నారు. ఆ పూటంతా నేను చూసింది ఒక చేపల అంగడి, ఒక పోలీసు గది, ఒక కొళాయి. చెప్పేది కూడా వాటి గురించే.

నా పేరు నల్లప్ప. బుక్కరాయసముద్రంలో ఎరువుల అంగడి. ఈ ఏడాది అమ్మకాలు బాగా చూపించిన డీలర్లను ఒక విత్తనాల కంపెనీ ఆలుమగలుగా ఓడ ఎక్కించింది. అట్లా నేనూ, నా భార్య వనజాక్షీ వచ్చాం. వనజాక్షి ఒకప్పుడు హెడ్ కానిస్టేబుల్. ఆ ఉద్యోగం వదిలేసి మా అంగడి మీది గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టింది. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలే ఎక్కువ. జిల్లాలో కొంతమంది పెళ్ళికొడుకులు ఆమెను చూస్తే రోడ్డు దాటి అవతలి వైపుకు పోతారు.

జరిగింది ఇది. రేవు గట్టు మీద చేపల అంగడి ముందర ఒక సిమెంటు తొట్టి ఉంది. అందులో నులకమంచమంత పెద్ద చేప ఒకటి, బల్లపరుపుగా, అడుగున పడుకుని ఉంటుంది. పేరు బ్రిట్టా. ఊళ్ళో పిల్లలు దానికి పుట్టినరోజు చేస్తారట. సముద్రం నీళ్ళు పంపుతో తోడి, కొళాయి గుండా పగలూ రాత్రీ తొట్టిలోకి వదులుతుంటారు. మధ్యాహ్నం అంగడాయన చూసేసరికి కొళాయి కట్టేసి ఉంది. బ్రిట్టా నోరు తెరుచుకుని పక్కకు ఒరిగింది. ఇంకో అరగంటయితే పోయేదే. పొరపాటున చేయి తగిలి మూతపడే కొళాయి కాదది. చక్రంలాంటి పిడి, గట్టిగా తిప్పితే తప్ప కదలదు. ఊరంతా మండిపడింది.

కొళాయి పక్కనే మా గ్రూపు పచ్చజెండా దొరికింది. అది హేమ చేతిలో ఉండాల్సింది.

పోలీసు గదిలోకి మేం పోయేసరికి అక్కడ ఇంకొకాయన మాకన్నా ముందే కుర్చీలో ఉన్నాడు. గంగాధర్. రిటైరైన డీఎస్పీ. కొడుకు పేరు మీద పురుగుమందుల ఏజెన్సీ ఉంది కాబట్టి ఆయనా మా ఓడే. వనజాక్షి సర్వీసులో సగం ఆయన కిందే గడిచింది. చేతిలో పేపర్ గ్లాసు, అందులో పొగలు కక్కే ఉడుకునీళ్ళు. ఆయనకు గ్యాసు. కాఫీ, టీ ముట్టడు.

"రామ్మా వనజాక్షీ," అన్నాడాయన. "కేసు అయిపోయినాది. నువ్వు పోయి ఫొటోలు తీసుకో."

"ఎవురు ముగించినారు సార్?"

"నేనే. ముప్పై నాలుగేండ్ల సర్వీసు. పొద్దున ఆ పిల్ల తొట్టి మీదికి వంగి నిలబడిండేది నా కండ్లతో నేను చూసినా. అదే ఈ యమ్మకు చెప్పినా."

ఈ యమ్మ అంటే ఇంగ్రిడ్, అక్కడి ఇన్‌స్పెక్టర్. పొడుగు మనిషి, నెమ్మదస్తురాలు. ఆమె మాట్లాడిందంతా ఇంగ్లీషులో. నాకు అర్థమైనంత మన భాషలో రాస్తున్నాను.

వనజాక్షి హేమ పక్కన కూచుంది. హేమకు ఇరవై నాలుగేళ్ళు. చిలమత్తూరు పిల్ల. కంపెనీ తరఫున మమ్మల్ని తిప్పే బాధ్యత ఆమెది, మొదటి ఉద్యోగం. పది రోజులుగా మా బీపీ మాత్రల నుంచి మా ఆవిడల చెప్పుల దాకా అన్నీ ఆమే చూసుకుంటోంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

"తొట్టి కాడికి ఎందుకు పోయినావు?"

"ఈశ్వరమ్మత్త కోసం ఆంటీ. చేపను చూస్తా ఆడే నిలబడిపోయింటే పిలుచుకొచ్చేకి పోయినా. ఆమెకు చేయి ఇచ్చేకి జెండా ఆడ పెట్టినా. మరిచిపోయినా."

"కొళాయి ముట్టుకున్నావా?"

"లేదాంటీ. ఒట్టు."

"అప్పుడు నీళ్ళు పడతాండాయా?"

హేమ తన చెప్పులు చూసుకుంది. "పడతాండాయి. నా చెప్పుల మీద చిందినాయి."

"ఫోన్లో ఆ మాటెందుకు రాసినావు మరి?" అని గంగాధర్ మధ్యలో అందుకున్నాడు. బ్రిట్టా ఫొటో పెట్టి, ఇంత పెద్దదాన్ని ఇంత చిన్న తొట్టిలో పెట్టినారు పాపం అని హేమ గ్రూపులో రాసింది. "శాకాహారి పిల్ల. నిన్న ఓడలో చేపల వేపుడు చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్యాది. చేపను వదిలిపెట్టేకి తొట్టి ఖాళీ చేద్దామనుకొని కొళాయి కట్టేసింది. ఇదే మోటివ్."

"తొట్టి ఖాళీ చేసి, మంచమంత చేపను సంకలో పెట్టుకొని పోతుందా సార్?"

"ఆవేశంలో మనిషి లెక్కలు వేసుకోడు!"

హేమ ఫోను మోగింది. బెంగళూరు నుంచి ఆమె మేనేజరు. మాట్లాడి పెట్టేసరికి ఆమె ముఖంలో రంగు లేదు. అయిదింటికి ఓడలో లేకపోతే ఈడే ఉండిపొమ్మన్నాడట, ఉద్యోగం సంగతి మరిచిపొమ్మన్నాడట. "నాయనకు ఏమని చెప్పల్లాంటీ?" అంది. వాళ్ళ నాయన ఆమెను ఓడ ఎక్కిస్తున్నారని చిలమత్తూరంతా మిఠాయి పంచినాడు. నాకు గంగాధర్ గ్లాసులోని ఉడుకునీళ్ళు ఆయన నెత్తినే పోయాలనిపించింది.

వనజాక్షి లేచింది. "నన్ను తొట్టి కాడికి పిలుచుకోని పోండి," అంది ఇంగ్రిడ్‌తో.

తొట్టి చుట్టూ ఎర్ర టేపు కట్టి ఉంది. కొళాయిని మళ్ళీ తిప్పి వదిలారు. నీళ్ళు దబదబా పడుతున్నాయి, అంచు మీద పొర్లి, కాలువలో పడి, నేరుగా సముద్రంలోకి పోతున్నాయి. నిజం చెప్పొద్దూ, నిమిషానికి ఎన్ని బిందెలు నిండుతాయో లెక్కేసుకుంటూ నిలబడ్డాను.

"కట్టేసినప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాదా అంతా?" అని వనజాక్షి అడిగింది.

నీళ్ళు వదలడం తప్ప ఏమీ ముట్టుకోలేదని ఇంగ్రిడ్ చెప్పింది. వనజాక్షి వంగి చూసింది. కొళాయి వెనకాల, పైపు అతుకు దగ్గర, ఒక పాలిథిన్ కవరును పొడుగ్గా చించి, మెలిపెట్టి, బిగించి చుట్టారు. చివర ముడి.

"వేలిముద్రలు పడకుండా చుట్టినారు," అని వెనకనుంచి గంగాధర్ అన్నాడు. "ప్రొఫెషనల్ పని."

"పిడికి కదా సార్ వేలిముద్రలు పడేది? అతుకుకు ఎందుకు చుట్టినారు?"

వనజాక్షి మోకాళ్ళ మీద కూచుంది. కొళాయి కింద, గోడకు ఆనించి, ఒక పేపర్ గ్లాసు. అడుగున రెండు రాళ్ళు, గాలికి పడిపోకుండా. నిండా నీళ్ళు.

"అది చెత్త," అంది ఇంగ్రిడ్.

వనజాక్షి ఆ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. లోపలి గోడలు తిప్పి తిప్పి చూసింది. తర్వాత ఆ గట్టు మీదే, అంతమంది చూస్తుండగా, పకపకా నవ్వింది. ఇంట్లో నన్ను చూసి ఆమె అట్లా నవ్వితే నేను అంగడికి పోతాను. ఇక్కడ పోయేకి చోటు లేక నిలబడ్డాను.

"ఏమైనాది?" అన్నాను.

"ఏమయ్యా, మనింట్లో మోటారు పైపు కారితే ఏం చేస్తావు?"

"సైకిల్ ట్యూబు చించి చుడతా."

"ట్యూబు లేకపోతే?"

"ఏది దొరికితే అది. కవరైనా చుడతా."

"చుట్టినా కూడా బొట్టు బొట్టు పడితే?"

"గిన్నె పెడతా కింద." చెప్పాక గాని నాకు వెలగలేదు. "ఓయమ్మా! మనోళ్ళా!"

"చేపను చంపేకి వచ్చినోడు నీళ్ళు కారకుండా అతుకు చుట్టి, కారే బొట్టుకు గ్లాసు పెట్టి పోడు," అంది. అదే మాట ఇంగ్రిడ్‌కు ఇంగ్లీషులో విడమరిచింది. మా ఊళ్ళో బోరు వేస్తే దుమ్ము వస్తుందనీ, మా కాలనీల్లో కొళాయి నీళ్ళు వచ్చే రోజు పెళ్ళి కూడా వాయిదా వేసుకుంటామనీ, ఊరికే పారే నీళ్ళను చూస్తే మా చేతులు మమ్మల్ని అడక్కుండానే లేస్తాయనీ చెప్పింది.

ఇంగ్రిడ్ వెనక్కి తిరిగి సముద్రం వైపు చూసింది. "కానీ అది సముద్రపు నీళ్ళు," అంది.

"నీళ్ళు నీళ్ళే కదమ్మా," అన్నాను నేను. నా ఇంగ్లీషులో అన్నాను కాబట్టి ఆమెకు అర్థమైందో లేదో తెలీదు.

"అయితే మరీ మంచిది," అని గంగాధర్ గ్లాసు పట్టుకుని ముందుకొచ్చాడు. "హేమ ఏ ఊరు? చిలమత్తూరు. ఆమె కూడా మన జిల్లా మనిషే. నువ్వే సాక్ష్యం చూపించినావు వనజాక్షీ. థ్యాంక్స్."

దెబ్బ గట్టిదే. ఇంగ్రిడ్ కూడా తలూపింది. వనజాక్షి ఆయన ముఖాన్ని ఒక్క క్షణం చూసింది, ఆయన చేతిలోని గ్లాసును ఇంకో క్షణం చూసింది. పక్కన బల్ల మీద కూచున్న ఈశ్వరమ్మ దగ్గరికి పోయింది. ఈశ్వరమ్మది శింగనమల. గాజుల చేతులు ఊపకుండా మాట్లాడలేదు.

"వదినా, హేమ నిన్ను పిలిచేకి వచ్చినప్పుడు నీళ్ళు పడతాండాయా?"

"పడకేమి! నేను దోసిలి పట్టి నోట్లో పోసుకుంటి గదా. థూ! ఉప్పు! ఆ పిల్ల నవ్వి, నా చేయి పట్టుకొని లాక్కొనిపోయినాది. మళ్ళా నన్ను వదిలితే కదా! ఊరు చూపించే బస్సు కాడికి పోయేదాకా పట్టుకొనే ఉన్యాది."

"మీ తర్వాత తొట్టి కాడ ఎవురుండిరి?"

"అందరూ ఉండిరి. ఆ అంగడాయన ఊరికే కాఫీ ఇస్తా ఉంటే అందరూ ఆడే గుంపు కట్టినారు."

"అందరూ కాఫీనే తాగినారా?"

ఈశ్వరమ్మ చెప్పింది విని వనజాక్షి తలూపి, నా దగ్గరికి వచ్చింది. "ఓడకు పోయి హేమ పాస్‌పోర్టు పట్టుకోని రా. వదిలిపెట్టేటప్పుడు అది కావల్లంట ఈ యమ్మకు. తిన్నగా పోయి తిన్నగా రా."

తిన్నగానే పోయాను. వచ్చేటప్పుడు కొంచెం ఆలస్యమైంది. నాలుగింటికి ఒగర్చుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చేసరికి వనజాక్షి నా చొక్కా చేతిని చూసింది. మోచేతి దాకా తడి.

"ఏమిది?"

"చిన్న పని పడింది."

"ఉప్పునీళ్ళకు నోరంతా ఒకతీరుగా ఉండాది. నీ చెంబు ఇయ్యి, మంచినీళ్ళు తాగుతా."

ఇత్తడి చెంబు లేకుండా నేను ఎక్కడికీ పోను. ఆ సంగతి ఆమెకు తెలుసు. "రూములో ఉండాది," అన్నాను. ఆమె ఇంకేదో అడగబోయింది గాని అప్పటికే ఇంగ్రిడ్ హేమను వెంటబెట్టుకుని వచ్చింది. మావాళ్ళంతా చుట్టూ చేరారు.

"గంగాధర్ సార్," అంది వనజాక్షి చాలా వినయంగా, "నేను ఓడిపోయినా. హేమ ఎట్ల చేసిందో మీరే ఈ యమ్మకు వివరంగా చెప్పండి. కొళాయి పక్కనే నిలబడి చెప్తే బాగా అర్థమవుతాది."

అంతకంటే ఏం కావాలి ఆయనకు? చొక్కా సర్దుకుని, ఉడుకునీళ్ళ గ్లాసుతో కొళాయి పక్కన నిలబడ్డాడు. వనజాక్షి కనుసైగ చేసింది. ఇంగ్రిడ్ కొళాయిని పూర్తిగా తిప్పింది. నీళ్ళు ఒక్కసారిగా పొంగి, తొట్టి పొర్లి, కాలువ నిండా పారాయి.

గంగాధర్ మొదలుపెట్టాడు. నేరస్థుడి మనస్తత్వం గురించి. మహిళా నేరస్థుల గురించి. వనజాక్షి ఒక్కో మాటకూ అడ్డు తగిలింది. ఆయన గొంతు పెంచాడు.

"హేమకు బలమెక్కడిది సార్, ఆ పిడి తిప్పేకి?"

"కోపం వస్తే బలం అదే వస్తాదమ్మా!"

"మీరు హెడ్ కానిస్టేబుల్ మాట ఎప్పుడు విన్నారు గాని!"

"ఏమన్యావు? నేను వినలేదా? కల్యాణదుర్గం దొంగతనం కేసులో నీ మాట వినే కదా నేను పరువు పోగొట్టుకున్యా!"

ఇద్దరూ పాత కేసులన్నీ తవ్వుకున్నారు. ఆయన మాట వనజాక్షితోనే, చూపు మాత్రం నీళ్ళ మీదికి పోయింది. తిరిగొచ్చింది. మళ్ళీ పోయింది. ఒక కాలు కొళాయి వైపు జరిగింది. నా చేయి కూడా దురద పెట్టింది, జేబులో పెట్టుకున్నాను.

"ఆ దొంగ దొరికేవాడు, నువ్వు గమ్మునుండింటే!" అంటూనే గంగాధర్ చేయి పిడి మీద పడింది. తిప్పింది. ఇంకా తిప్పింది. కొళాయి కట్టేశాడు. మాట మాత్రం ఆపలేదు. గ్లాసులో మిగిలిన గుక్కెడు ఉడుకునీళ్ళు నోట్లో పోసుకుని, వంగి, బొట్టు పడుతున్న చోట గ్లాసు పెట్టి, రాయి కోసం చుట్టూ చూశాడు. రాయి దొరికింది. గ్లాసులో వేసి, నడుము పట్టుకుని లేచాడు.

అప్పటికి గాని ఆయనకు నిశ్శబ్దం వినిపించలేదు. నీళ్ళ చప్పుడు లేదు. ఎవరి మాటా లేదు. ఆయన కొళాయిని చూసి, "ఎవురప్పా ఇది కట్టేసినారు?" అని అడిగాడు.

మొదట నవ్వింది ఇంగ్రిడ్. తర్వాత ఈశ్వరమ్మ గాజులు గలగలమన్నాయి. తర్వాత గట్టంతా నవ్వు. ఇంగ్రిడ్ నవ్వుతూనే పోయి బ్రిట్టాకు నీళ్ళు వదిలింది.

"కాఫీ తాగిన గ్లాసుకు మరక ఉంటాది సార్, వాసన ఉంటాది," అని వనజాక్షి చెప్పింది. "ఆ గ్లాసుకు రెండూ లేవు. మాలో ఒట్టి ఉడుకునీళ్ళు తాగినోరు మీరొక్కరే అని ఈశ్వరమ్మ వదిన చెప్పింది. మీ కాలనీకి ప్రెసిడెంటు మీరు. నాలుగు దినాలకొకసారి నీళ్ళు వస్తాయి. వచ్చిన దినం ఎవురింటి కొళాయి కారినా మీరే పోయి కట్టేసి వస్తారు. మీరు దాచలేదు సార్. చేసింది మీకే తెలీదు."

గంగాధర్ తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత హేమ దగ్గరికి నడిచాడు. "తల్లీ, తప్పు నాది. చేసింది నేను, పట్టించింది నిన్ను. మీ మేనేజరుకు నేనే ఫోన్ చేసి చెప్తా. మీ నాయనకు కూడా చెప్తా." హేమ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ. వనజాక్షి ముఖం పక్కకు తిప్పుకుంది. గెలిచినప్పుడు ఆమె కళ్ళు తడి అవుతాయి. అది నాకు ఒక్కడికే తెలుసు.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నార్వేలో మనిషిని వదిలిపెట్టాలన్నా కాగితాలు రాయాలి. గంగాధర్ వాంగ్మూలం రాయడం మొదలుపెట్టి అందులో తన సర్వీసు చరిత్ర కూడా చేర్చాడు. మావాళ్ళందరినీ ముందు ఓడకు పంపాం. హేమ సంతకం పెట్టి బయటపడేసరికి అయిదు దాటి పావుగంట.

పరుగు. హేమ ముందు, వనజాక్షి వెనకాల, ఆ వెనక గ్యాసుతో పొట్ట పట్టుకుని గంగాధర్, చివర నేను. ఓడ పోయుంటుందని నలుగురికీ తెలుసు. అయినా పరిగెత్తాం. మలుపు తిరిగాం.

ఓడ అక్కడే ఉంది.

హేమ మెట్ల దగ్గర కూలబడి దండం పెట్టింది. మెట్ల మీద ఓడ ఆఫీసరు ఎర్రటి ముఖంతో రేడియోలో అరుస్తున్నాడు. పైన రెయిలింగు మీదినుంచి ఈశ్వరమ్మ సంగతంతా చెప్పింది. రేవు నుంచి ఓడలోకి మంచినీళ్ళు ఎక్కించే లావుపాటి పైపు ఒకటుంది. నాలుగు కాకముందే నీళ్ళు ఆగిపోయాయట. పంపు చెడిపోయిందని ఇంజనీర్లు గంటసేపు లోపలంతా వెతికారట. చివరికి చూస్తే గట్టు మీద వాల్వు ఎవరో కట్టేశారట. ట్యాంకు నిండనిదే కెప్టెన్ కదలనన్నాడట. ఎవరు చేశారో తేలేదాకా ఒక్కరినీ పడుకోనివ్వనని కూడా అన్నాడట.

"ఇంకొకడా!" అన్నాడు గంగాధర్. ఆయన ముఖం వెలిగింది. "ఈసారి నేను కాదు. నేను తొట్టి కాడే ఉండినా, సాక్ష్యం ఉండాది. వనజాక్షీ, పద, కలిసి పట్టుకుందాము."

వనజాక్షి ఆయన మాట వినలేదు. గట్టు మీద వాల్వు దగ్గర నిలబడి కిందికి చూస్తోంది. అతుకుకు చేతిరుమాలు గట్టిగా చుట్టి ఉంది. బొట్టు పడే చోట, సరిగ్గా బొట్టు కిందే, తళతళలాడుతూ మా ఇత్తడి చెంబు ఉంది. దాని మెడ మీద మా పెళ్ళినాడు చెక్కించిన పేర్లు ఓడ దీపాల వెలుగులో చక్కగా కనబడుతున్నాయి.

ఆమె నెమ్మదిగా నా వైపు తిరిగింది. నేను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.

"ఏమయ్యా," అంది వనజాక్షి. మెట్ల మీదినుంచి ఆఫీసరు మా వైపే దిగి వస్తున్నాడు.